బడి తెరచునాటికి బాలల పత్రములు

జూన్ నెలలో బడులు తెరువబడును. అబ్దుల్లాపూర్‌మెట్ మండలము నగరపుటంచున నున్నది. ఇట్టి చోట్లకు పనులకై వచ్చిన కుటుంబముల బిడ్డలు కాగితము లేదని బడికి దూరము కారాదు. వయస్సునకు ఆధారము లేదని 6 నుండి 14 ఏండ్ల బాలలకు ప్రవేశము నిరాకరింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము శాసించుచున్నది.

అయినను జనన ధ్రువపత్రము ముఖ్యము. 2023 అక్టోబరు 1వ తేదీ నుండి జన్మించిన వారికి బడి ప్రవేశమున పుట్టినతేదీకి అదియే ఆధారము. జననమును పుట్టినచోటనే, 21 దినములలో నమోదు చేయింపవలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసివచ్చును. పేరు లేకుండ నమోదైన బిడ్డకు తరువాత పేరు చేర్పింపవచ్చును.

కావున పంచాయతీ సభ్యులు మే నెలలోనే తమ వార్డులలో ఇంటింటికి వెళ్ళి, పత్రములు లేని బాలల జాబితాను పంచాయతీ కార్యదర్శికి అందజేయవలెను. పేరు, పుట్టినతేదీ అన్ని పత్రములలో ఒకే తీరున నున్నవేమో చూడవలెను. నేడు బడి రిజిస్టరులో పడిన తప్పు రేపు పదవతరగతి ధ్రువపత్రమున కెక్కును. అప్పుడు దిద్దించుట కష్టము.