లావు తూటా ఉంటే చాలా?
క్రూరమృగాల వేట: అపోహలు – వాస్తవాలు

సికింద్రాబాద్‌లోని మన చిలకలగూడకు బొల్లారం ఎంతో దూరం కాదు. 1910లో కెన్నెత్ ఆండర్సన్ పుట్టింది అక్కడే. తర్వాత బెంగళూరులో స్థిరపడి, చిత్తూరు అడవుల్లోని మామండూరు దాకా మనుషుల్ని తినే పులుల వెంట తిరిగాడు, ఆ అనుభవాలను పుస్తకాలుగా రాశాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ దగ్గరి నెక్కొండలో, వేటాడిన పులితో దిగిన ఫొటో సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్‌దే. షికారు ముచ్చట్లు మన వీధులకు కొత్తవి కావు. వాటి వెంటే తూటాల గురించి తప్పుడు నమ్మకాలూ తరాలు దాటి వచ్చాయి. వేట ఇవాళ నేరం. అయినా మనుషుల ప్రాణాలు తీస్తున్న జంతువుకు అధికారికంగా ఎదురెళ్లాల్సిన వారికి ఈ లెక్కలు ఇప్పటికీ అవసరమే.

అపోహ 1: లావు తూటా తగిలితే ఎంతటి జంతువైనా ఎగిరి పడుతుంది.

వాస్తవం: అది సినిమాల్లోనే. గుండు జంతువును ఎంత తోస్తుందో, తుపాకీ కాల్చినవాడి భుజాన్నీ కనీసం అంతే తోస్తుంది. .458 విన్‌చెస్టర్ మాగ్నం గుండు బరువు 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాములు. అది సెకనుకు 640 మీటర్ల వేగంతో వెళ్లి నాలుగు టన్నుల ఏనుగులో దిగితే, ఆ తోపుకు ఏనుగు కదిలే వేగం సెకనుకు అర సెంటీమీటరు. 200 కిలోల పులి అయినా పది సెంటీమీటర్లే. జంతువును పడగొట్టేది గుండు లోపలికి వెళ్లే దారి. మెదడు, వెన్నెముక తెగితే అక్కడికక్కడే కూలుతుంది. గుండె తెగిన పులికి మాత్రం మీదికి దూకేందుకు ఇంకా కొన్ని క్షణాలు మిగిలే ఉంటాయి.

అపోహ 2: ‘ఫోర్ ఫిఫ్టీ’ అంటే చాలు, ఇక అడగక్కర్లేదు.

వాస్తవం: ఆ అంకె గొట్టం వెడల్పును అంగుళాల్లో చెబుతుంది, శక్తిని చెప్పదు. పాత మార్టినీ హెన్రీ తుపాకీ నల్ల తుపాకీమందుతో 480 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 1,350 అడుగుల వేగంతో పంపేది. 1898లో రిగ్బీ కంపెనీ తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అంతే బరువున్న గుండును 2,150 అడుగుల వేగంతో పంపింది. వెడల్పు అదే, బరువు అదే, శక్తి మాత్రం రెండున్నర రెట్లు. తిరుగుబాటుదారుల చేతుల్లోని మార్టినీలకు తూటాలు అందుతాయన్న భయంతో 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం .450 తుపాకులను మన దేశంలోకి రానివ్వలేదు. .465, .470 లాంటి తూటాలు ఆ నిషేధం తర్వాత పుట్టుకొచ్చినవే.

అపోహ 3: బెల్ చిన్న తుపాకీతోనే వందల ఏనుగులను చంపాడు. మనకెందుకు పెద్దది?

వాస్తవం: డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో .275 తుపాకీతో ఎన్నో ఏనుగులను కూల్చిన మాట నిజమే. కానీ ఏనుగు తలను రంపంతో కోయించి, మెదడు ఎక్కడుందో ఏ కోణం నుంచైనా గుర్తుపట్టేలా నేర్చుకున్న మనిషి ఆయన. కదలకుండా నిలబడ్డ ఏనుగును ఎంచుకునేవాడు. ఘీంకరిస్తూ మీదికి వచ్చే ఏనుగు అంత తీరిక ఇవ్వదు. మన దేశంలో మనుషుల్ని తినే పులులను వేటాడిన జిమ్ కార్బెట్‌కూ .275 రిగ్బీ ఇష్టమే, అయినా .450/400 డబుల్ బ్యారెల్‌ కూడా ఆయన దగ్గర ఉండేది. ఆఫ్రికాలో కొన్ని దేశాలు ప్రమాదకర జంతువులకు .375ను కనీస కొలతగా చట్టంలోనే పెట్టాయి.

అపోహ 4: ఏనుగును కొట్టే గుండు పులిని ఇంకా సులువుగా కొడుతుంది.

వాస్తవం: ఒకే తూటాలో రెండు రకాల గుండ్లు దొరుకుతాయి. ముందు భాగం మెత్తగా ఉండే సాఫ్ట్‌నోస్ గుండు ఒంట్లోకి దిగగానే పూవులా విచ్చుకుని లోపల పెద్ద గాయం చేస్తుంది. పులికి, చిరుతకు అది కావాలి. ఏనుగు మెదడు చుట్టూ తేనెపట్టులాంటి ఎముక మందంగా ఉంటుంది. సాఫ్ట్‌నోస్ మెదడును చేరకముందే చితికిపోవచ్చు. అక్కడ కావలసింది విచ్చుకోకుండా నేరుగా దూసుకెళ్లే గట్టి గుండు, వేటగాళ్ల మాటలో ‘సాలిడ్’. అదే సాలిడ్ పులి ఒంట్లో సన్నటి రంధ్రం చేసి అటువైపు బయటికి పోవచ్చు. అప్పుడు మిగిలేది పొదల్లోకి తప్పించుకున్న గాయపడ్డ పులి.

అపోహ 5: ఎంత పెద్దదైతే అంత భద్రం.

వాస్తవం: భుజం మీద తన్నుకు భయపడినవాడు మీట నొక్కేముందే కళ్లు మూసుకుంటాడు, గురి తప్పుతుంది. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ నూరేళ్లు దాటినా నిలిచింది. 300 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 2,500 అడుగుల వేగంతో పంపుతూనే, సాధన చేసినవాడికి ఓర్చుకోదగినంత తన్నుతో సరిపెట్టడమే అందుకు కారణం. ఆండర్సన్ జీవితమంతా నమ్ముకున్న .405 విన్‌చెస్టర్ దానికన్నా తక్కువ శక్తిది. చేతికి అలవాటైన తుపాకీయే ఆయనను కాపాడింది.

అపోహ 6: లైసెన్సు తుపాకీ ఉంటే ఊరిమీద పడ్డ పులిని కాల్చొచ్చు.

వాస్తవం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులి, ఏనుగు, అడవిదున్న మొదటి షెడ్యూలులోని జంతువులు. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిందని, మత్తిచ్చి పట్టడం గానీ మరోచోటికి తరలించడం గానీ కుదరదని రుజువైతేనే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి అనుమతిస్తారు. ప్రాణరక్షణ కోసం సదుద్దేశంతో చంపితే నేరం కాదు, కానీ ఆ కళేబరం ప్రభుత్వానిదే.

సరైన దెబ్బ పడకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1907లో కార్బెట్ కాల్చి చంపిన చంపావత్ ఆడపులి, ఆయన లెక్క ప్రకారం, 436 మందిని పొట్టన పెట్టుకుంది. కళేబరం నోరు తెరిచి చూస్తే కుడివైపు పై కోర సగం, కింది కోర పూర్తిగా విరిగి ఉన్నాయి. పాత తుపాకీ గాయం అది. అడవిలో దొరికే సహజమైన ఎరను పట్టలేక ఆ పులి మనుషుల మీదికి వచ్చిందని కార్బెట్ తేల్చాడు. ఎవరో ఒకడు సరిపడని తూటాతోనో, సరిలేని గురితోనో కాల్చి వదిలేశాడు. ఆ ఒక్క తప్పుకు మూల్యం చెల్లించింది కాల్చినవాడు కాదు, కట్టెల కోసం, గడ్డి కోసం అడవికి వెళ్లిన పల్లె జనం.