అక్కడ బండి కుడివైపు!
విదేశాల్లో షికార్లకు సన్నాహం ఇక్కడే జరగాలి

బోరబండ: జిల్లాల నుంచి వచ్చి బోరబండ, ఎస్సార్ నగర్ గదుల్లో సర్దుకుని ఉండే కుర్రాళ్లకు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు కూతవేటు దూరం. జీఆర్ఈకి, ఐఈఎల్‌టీఎస్‌కి, వీసా ఇంటర్వ్యూకి నెలల తరబడి తయారవుతారు. ప్రయాణం దగ్గరపడితే ఊరి నుంచి పచ్చళ్లు, కారప్పొడులు వస్తాయి. పెట్టెలను ఒకటికి రెండుసార్లు తూకం వేస్తారు. ఈ హడావుడిలో తరచు మరుగున పడే సంగతి ఒకటుంది. అదే అక్కడి రోడ్డు.

సెలవులు వస్తే నలుగురు మిత్రులు డబ్బు పోగుచేసి కారు అద్దెకు తీసుకుంటారు. వింతలూ విశేషాలూ చూసి వస్తారు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. చదువుతోపాటు లోకం చూడటమూ చదువే. అమెరికాలో ఫీనిక్స్ నగరం నుంచి గ్రాండ్ కేనియన్ లోయకు సుమారు 370 కిలోమీటర్లు. మన హైదరాబాదు నుంచి ఏలూరు దాటి వెళ్లినంత దూరం. అక్కడి కుర్రాళ్లు ఒక్కరోజులో పోయి వస్తామంటారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

2024 చేదు జ్ఞాపకాలు

2024 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో రెండు విషాద వార్తలు వచ్చాయి. 17వ తేదీన స్కాట్లాండులో డండీ విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందం లిన్ ఆఫ్ టమ్మెల్ అనే జలపాతం చూడబోయింది. వారిలో ఇద్దరు తెలుగు యువకులు నీళ్లలో పడి మరణించారు. 20వ తేదీన అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, పియోరియా సమీపాన రెండు కార్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. తెలంగాణకు చెందిన ఇద్దరు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరికీ 19 ఏళ్లే. అదే ఏడాది ఆగస్టు 30న టెక్సాస్ రాష్ట్రంలోని అన్నా పట్టణం వద్ద మరో ఘోరం జరిగింది. ఖర్చు కలిసి వస్తుందని ఒకే కారులో వెళుతున్న నలుగురు భారతీయ యువజనులు, వెనుక నుంచి ట్రక్కు ఢీకొని మంటలు లేవడంతో చనిపోయారు.

అన్నీ స్వయంకృతాలు కావు. ఎదుటివాడి తప్పును మనం ఆపలేం. మన చేతిలో ఉన్న జాగ్రత్తలు మాత్రం కొన్ని ఉన్నాయి.

అలవాటే శత్రువు

అమెరికా, కెనడా, జర్మనీల్లో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. బ్రిటన్, ఐర్లాండు, ఆస్ట్రేలియాల్లో మన పద్ధతే. ఊళ్లో ట్రాక్టరు నడిపిన చెయ్యి రద్దీలో తప్పు చేయకపోవచ్చు. నిర్మానుష్యమైన దారిలో, మలుపు తిరిగాక, పాత అలవాటు చొప్పున ఎడమకు పోతుంది. ఒక్క కొండగుర్తు చాలు: ఏ దేశంలోనైనా డ్రైవరు కూర్చున్న పక్కనే రోడ్డు మధ్యగీత ఉండాలి.

అమెరికాలో వేగం మైళ్లలో లెక్కిస్తారు. బోర్డు మీద 70 అని ఉంటే గంటకు సుమారు 112 కిలోమీటర్లు. ఆ వేగంలో డ్రైవరు రెండు సెకన్లు కునికితే బండి 60 మీటర్లు దాటిపోతుంది. వారమంతా చదువు, పని ముగించుకుని, నిద్ర లేకుండా రాత్రికి రాత్రే బయలుదేరడం అందుకే ప్రమాదం. రెండు గంటలకోసారి ఆగాలి. వెనుక సీట్లో వారూ బెల్టు పెట్టుకోవాలి. కారు అద్దె పత్రంలో పేరున్న వారే నడపాలి. పేరు లేనివారు నడిపితే బీమా వర్తించకపోవచ్చు. తాగి నడిపి పట్టుబడితే వీసాకే ఎసరు.

నీటి దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఊరి బావిలో ఈత నేర్చినవారికైనా చలిదేశపు నీళ్లు వేరు. ఒక్కసారిగా చన్నీళ్లలో పడితే ఊపిరి పట్టు తప్పుతుంది, చేతులు కాళ్లు స్వాధీనంలో ఉండవు. నాచు పట్టిన బండల అంచుకు పోకపోవడమే మంచిది.

లైసెన్సు ఇక్కడే

విమానం ఎక్కేముందే కారు లైసెన్సు తీసుకోవాలి. లెర్నింగ్ లైసెన్సు వచ్చాక 30 రోజులు ఆగితేగాని పరీక్షకు వెళ్లే వీలుండదు. కాబట్టి వీసా వచ్చిందాకా ఆగితే ఆలస్యమవుతుంది. ఆ తర్వాత పాస్‌పోర్టు చూపి 4ఏ ఫారంతో దరఖాస్తు చేస్తే ఆర్టీవో కార్యాలయం అంతర్జాతీయ డ్రైవింగు పర్మిట్ ఇస్తుంది. రుసుము 1000 రూపాయలు, గడువు ఏడాది. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. అమెరికాలో నిబంధనలు రాష్ట్రానికో తీరు. చేరిన చోట కనుక్కుని, అక్కడి లైసెన్సు తీసుకోవడం ఉత్తమం.

ఆపద వస్తే అమెరికాలో 911కు ఫోను చేయాలి. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన ‘మదద్’ ద్వారా ఫిర్యాదు చేసే వీలుంది. అందుకు పిల్లల పాస్‌పోర్టు నకలు, చిరునామా, ఇద్దరు మిత్రుల ఫోను నెంబర్లు ఇంట్లో రాసి పెట్టుకోవాలి.

‘షికారుకు పోతున్నాం’ అని కొడుకో కూతురో ఫోను చేస్తే వద్దనడం వల్ల ప్రయోజనం లేదు. రెండోసారి చెప్పకుండా పోతారు. బండి ఎవరు నడుపుతున్నారు, రాత్రి నిద్రపోయారా, ఎక్కడ ఆగుతారు అని అడగాలి. ఆ మూడు ప్రశ్నలు అడగడానికి ఇంగ్లీషు రానక్కరలేదు.