కంటి ఆపరేషన్‌లో చివరి చుక్క

శుక్లాల ఆపరేషన్ అయిన ఇంట్లో మొదటి ఆంక్ష పప్పు మీద పడుతుంది. కందిపప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్ల గట్టి నమ్మకం. రెండో ఏర్పాటు మందుల సంచీ: మాత్రలు, కంటి చుక్కలు, వేళకు గుర్తుచేయడానికి ఒక మనవడు. పప్పు సంగతి తేలికగానే తేల్చేయొచ్చు, దానికీ చీముకీ సంబంధం లేదు. మందుల సంచీ సంగతి అంత తేలిక కాదు. ఎందుకంటే కంటిని చీము నుంచి కాపాడటంలో పెద్ద పని చేసే మందులు రెండూ రోగి బల్ల మీద నుంచి లేవకముందే వాడేసి ఉంటారు.

కనుగుడ్డు లోపల చీము పట్టడాన్ని డాక్టర్లు ఎండాఫ్తల్మైటిస్ అంటారు. అరుదైనదే, కానీ వచ్చిందంటే రోజుల్లో చూపు పోవచ్చు. ఆపరేషన్ చేసిన చోటు శుభ్రంగా లేదని బంధువులు ముందు అనుమానిస్తారు. ఒక్కోసారి అది నిజమే. ఎక్కువసార్లు మాత్రం ఆ క్రిమి రోగి సొంతది. రెప్పల అంచుల్లో, వెంట్రుకల కుదుళ్లలో స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బ్యాక్టీరియా ఎప్పుడూ కాపురముంటుంది. చర్మం మీద ఉన్నంతసేపు దాని జోలి మనకు అక్కర్లేదు. 1991లో మార్క్ స్పీకర్ బృందం చీము పట్టిన కళ్ల లోపల దొరికిన బ్యాక్టీరియాని, అదే రోగి రెప్పల మీదా ముక్కులోనూ ఉన్న బ్యాక్టీరియాతో జన్యుపరంగా పోల్చి చూసింది. ఎక్కువమందిలో రెండూ ఒకటే.

లోపలికి ఎలా వెళ్తుంది? శబ్దతరంగాలతో శుక్లాన్ని పొడిచేసి పీల్చి తీసే ఫేకో పద్ధతిలో కోత మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. సాధారణంగా కుట్టు వేయరు. కంటి లోపలి ఒత్తిడికే కోత అంచులు అతుక్కుని మూసుకుంటాయి. ఆపరేషన్ అయిన తొలి గంటల్లో ఆ ఒత్తిడి తగ్గినా, రోగి కన్ను నలిపినా, అంచులు కాస్త విడిపోయి రెప్ప కింది కన్నీటిని లోపలికి పీల్చుకుంటాయి. నల్లగుడ్డు వెనకున్న చిన్న గదిలో నీరు నిరంతరం మారుతూ ఉంటుంది కాబట్టి కొన్ని క్రిములు అక్కడినుంచి కొట్టుకుపోతాయి. లెన్స్ వెనకున్న జెల్లీలోకి చేరితే మాత్రం వాటిని కడిగేసేది ఏదీ లేదు. ఆపరేషన్‌లో లెన్స్ వెనక పొర చిరిగితే డాక్టర్లు కంగారు పడటానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి మొదటి కాపలా రెప్పల దగ్గరే. కత్తి పెట్టేముందు పోవిడోన్ అయోడిన్ ద్రావణం కంట్లో పోసి రెండు మూడు నిమిషాలు ఉంచుతారు. గాయాలకు పూసే ఆ గోధుమరంగు మందే, కాకపోతే కంటికి తగ్గట్టు 5 శాతానికి పలచన చేసింది. అది యాంటీబయోటిక్ కాదు, ఖరీదైనదీ కాదు. దాని గురించి ప్రకటనలు ఎవరూ వేయరు. నన్నడిగితే ఆ గదిలో ఉన్న సీసాలన్నిటిలో ఎక్కువ గౌరవం దక్కాల్సింది దానికే.

రెండో కాపలా ఆపరేషన్ చివర్లో పడుతుంది. మింగిన మాత్ర రక్తంలో కలిసినా, రక్తానికీ కంటికీ మధ్యనున్న అడ్డుగోడ చాలా మందుల్ని కొద్దికొద్దిగానే లోపలికి వదులుతుంది. పైన వేసిన చుక్కలో ఎక్కువ భాగం చెంప మీదికి జారిపోతుంది. అలాంటప్పుడు నేరుగా లోపలే పెడితే? స్వీడన్ డాక్టర్లు 1990ల చివరి నుంచే సెఫ్యురాక్సిమ్ అనే యాంటీబయోటిక్‌ని అలా ఎక్కిస్తున్నారు. అది నిజంగా పనిచేస్తుందా అని యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో 16,000 మందికి పైగా రోగులను లాటరీ తరహాలో విడదీసి పరీక్షించారు. 2007లో పూర్తి ఫలితాలు అచ్చయ్యాయి: ఇంజెక్షన్ అందుకోని వాళ్లలో చీము పట్టే ముప్పు సుమారు ఐదు రెట్లు. యాంటీబయోటిక్ చుక్కలు ఒక్కటే వేసిన చోట అంత స్పష్టమైన లాభం కనబడలేదు.

మన దేశంలో ఈ పాత్ర మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్‌ది. అరవింద్ కంటి ఆసుపత్రులు ఆరు లక్షలకు పైగా ఆపరేషన్ల లెక్కను 2017లో ప్రకటించాయి. ఇంజెక్షన్ ఇవ్వని రోజుల్లో పదివేల కళ్లలో ఏడింటికి చీము పడితే, ఇచ్చాక రెండింటికి తగ్గింది. ఇది లాటరీ పరీక్ష కాదు, పాత రికార్డుల పోలిక. అయినా ఇంత పెద్ద సంఖ్యలో ఇంత తేడాని కొట్టిపారేయడం కష్టం.

మోతాదు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మాక్సిఫ్లాక్సాసిన్ మాత్ర 400 మిల్లీగ్రాములు. కంట్లోకి సాధారణంగా వెళ్లేది అర మిల్లీగ్రాము, 0.1 మిల్లీలీటరు ద్రవంలో. ఆ చిన్న గదిలో పట్టేది పావు మిల్లీలీటరు కాబట్టి అక్కడ అదే ఎక్కువ. ఇంత దగ్గరగా పెట్టేటప్పుడు పొరపాటుకు చోటు లేదు. పలచన చేయడంలో తేడా వచ్చినా, నిల్వ ఉండటానికి కలిపే రసాయనాలు అందులో ఉన్నా, లోపలి పొరలు దెబ్బతింటాయి. మందు ఎంపికా ముఖ్యమే. ఆపరేషన్ చివర్లో వాంకోమైసిన్ అనే మరో యాంటీబయోటిక్ ఎక్కించిన కొందరిలో రెటీనా రక్తనాళాలు మూసుకుపోయి చూపు పోవడంతో 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది.

ఆపరేషన్ చివర్లో లోపల పెట్టే ఈ చుక్కకూ హద్దుంది. ఒకే గదిలో ఒకే రోజు పదిమందికి చీము పట్టిందని వార్త వస్తే అది రెప్పల మీది బ్యాక్టీరియా పని కాదు. కన్ను కడిగే ద్రవంలోనో, గొట్టాల్లోనో సూడోమోనాస్ లాంటి మొండి క్రిమి చేరి ఉంటుంది. చాలా మందులకు లొంగని రకమైతే ఈ అర మిల్లీగ్రాము దాన్ని ఆపలేదు. అక్కడ కావలసింది ద్రవం సీసా మీద బ్యాచ్ నంబరు రాసిపెట్టుకునే అలవాటు, స్టెరిలైజేషన్ యంత్రం సరిగా పనిచేసిందో లేదో రోజూ చూసే మనిషి.

సంచీలోని చుక్కల్ని మానేయమని కాదు. వాటిలో సాధారణంగా వాపు తగ్గించే స్టెరాయిడ్ ఉంటుంది, డాక్టరు చెప్పినన్నాళ్లూ వేయాల్సిందే. అయితే చుక్కలు వేస్తున్నాం కదా అన్న ధైర్యంతో నొప్పిని పట్టించుకోకపోవడం ప్రమాదం. తేటపడుతున్న చూపు మళ్లీ మసకబారినా, ఎరుపూ నొప్పీ పెరిగినా తెల్లారేదాకా ఆగకూడదు. అప్పుడు డాక్టరు కంటి లోపలి జెల్లీ నుంచి కొద్దిగా తీసి ల్యాబుకి పంపుతారు. క్రిమి ఏదో తేలడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, కన్ను అంతవరకు ఆగదు. అందుకే వాంకోమైసిన్, సెఫ్టాజిడైమ్ రెండూ అప్పటికప్పుడు లోపలికి ఎక్కిస్తారు. ముందుజాగ్రత్తగా వద్దన్న వాంకోమైసిన్ ఇక్కడ తప్పనిసరి అవుతుంది, ఎందుకంటే ఈసారి క్రిమి లోపలే ఉంది.