వాట్సాప్‌లో లోగో... పదడుగుల ఫ్లెక్సీ!

"అన్నా, లోగో వాట్సాప్‌లో ఏసినా చూడు. పది ఇంటూ ఎనిమిది. పొద్దున ఆరుకంతా కట్టల్ల!"

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్లలో ఏ ఫ్లెక్సీ షాపులో కూర్చున్నా సాయంత్రం అయ్యేసరికి ఇలాంటి మాట ఒకటి వినపడుతుంది. ఫోన్ తెరిచి చూస్తే అక్కడ ఉండేది లోగో కాదు. విజిటింగ్ కార్డును టేబుల్ మీద పెట్టి, దాని మీద ట్యూబ్‌లైట్ మెరుస్తుండగా తీసిన ఫొటో. అందులో ఓ మూల వేలిగోరంత లోగో. లేదంటే ఎవరి స్టేటస్ నుంచో కొట్టిన స్క్రీన్‌షాట్, పైన బ్యాటరీ గుర్తుతో సహా!

నిజానికి కస్టమర్ తప్పేం లేదు. ఆయన ఫోన్‌లో అది శుభ్రంగానే కనిపిస్తోంది. ఆరంగుళాల తెర మీద బాగున్న బొమ్మ పదడుగుల మీద ఎందుకు పాడవుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తెల్లారి కట్టాక మాత్రం తిట్లు తినేది షాపులో డిజైన్ చేసే పిల్లోడే. "మిషన్ బాగలేదా ఏంది?" అంటారు. మిషన్ బాగానే ఉంది. ఇచ్చిందాన్ని ఇచ్చినట్టే వేసింది, అంతే.

కందిగింజంత పిక్సెల్

ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే దాని పొడుగు వైపును సుమారు 1600 పిక్సెల్స్‌కి కుదించేస్తుంది. కార్డు ఫొటోలో లోగో ఎనిమిదో వంతు ఉందనుకోండి. దాని వాటా 200 పిక్సెల్స్. ఆ రెండొందలనూ ఫ్లెక్సీ మీద మూడడుగుల వెడల్పుకు సాగదీస్తే ఒక్కో పిక్సెల్ దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్ల గడి అవుతుంది. అంటే కందిగింజంత!

మంచి చూపున్నవాళ్లు మీటరు దూరం నుంచి 0.3 మిల్లీమీటర్ల తేడాను పట్టగలరు. దూరం పెరిగేకొద్దీ ఆ కొలత కూడా అదే లెక్కన పెరుగుతుంది. కాబట్టి మన కందిగింజ గళ్లు కంటికి కలిసిపోవాలంటే 15 మీటర్లు వెనక్కి వెళ్లి చూడాలి. బైపాస్ పక్కన ఎత్తుగా కట్టే హోర్డింగ్‌కైతే పర్లేదు. కల్యాణ మండపం గేటు పక్కన కట్టేదాన్ని జనం మూడు మీటర్ల నుంచి చూస్తారు, దాని ముందే సెల్ఫీలు కూడా దిగుతారు.

ఇదే లెక్కలో మనకు పనికొచ్చే మాట కూడా ఒకటుంది. దూరం నుంచి చూసేదానికి పుస్తకంలో అచ్చేసినంత నాణ్యత అక్కర్లేదు. 10 ఇంటూ 8 అడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 72 పిక్సెల్స్ చొప్పున పెడితే 8640 ఇంటూ 6912, అంటే దాదాపు ఆరు కోట్ల పిక్సెల్స్. నాలుగు రంగుల్లో కుదించకుండా సేవ్ చేస్తే ఫైలు 240 ఎంబీ దగ్గర ఆగుతుంది. అదే పట్టుబట్టి 300 పెడితే 4 జీబీ దాటుతుంది, షాపులో పాత కంప్యూటర్ ఉంటే అక్కడే కూలబడుతుంది. పైగా ఫొటోషాప్‌లో 72 చెరిపేసి 300 అని కొట్టినంత మాత్రాన లోగోకి కొత్తగా నాణ్యత రాదు. మజ్జిగలో నీళ్లు పోస్తే చెంబు నిండుతుంది కానీ చిక్కదనం రాదు కదా!

ఇక జేపీజీ సంగతి. ఈ పద్ధతి బొమ్మను 8 ఇంటూ 8 పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియని వివరాలను పారేస్తుంది. ముఖాలు, కొండలు, పొలాలు ఉన్న ఫొటోలకు అది చక్కగా సరిపోతుంది. లోగోలో ఉండేవి పదునైన అంచులు, అక్షరాలు. వాటి చుట్టూ ధూళి పట్టినట్టు మచ్చలు వస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి, కత్తిరించి, మళ్లీ పంపిన ప్రతిసారీ ఆ ధూళి ఇంకాస్త పెరుగుతుంది. జేపీజీలో పారదర్శకత కూడా ఉండదు. ఎర్రటి ఫ్లెక్సీ మీద లోగో చుట్టూ తెల్ల డబ్బా కనిపించేది అందుకే.

ముందు అడగాల్సింది

అందుకే తెలివైన డిజైనర్ కంప్యూటర్ ముందు కూర్చోకముందే ఫోన్ తీస్తాడు. "అన్నా, ఈ లోగో ఫస్ట్ ఎవురు చేసినారు? కార్డు యాడ కొట్టించినారు?" ఈ రెండు ప్రశ్నలతో గంట పని మిగిలిపోవచ్చు. కార్డు కొట్టిన షాపులో కోరల్‌డ్రా ఫైలు దొరకొచ్చు. కాలేజీదైతే ప్రాస్పెక్టస్ పీడీఎఫ్, కంపెనీదైతే లెటర్‌హెడ్ పీడీఎఫ్ అడగాలి. ఆ పీడీఎఫ్‌ని ఫోన్‌లోనే తెరిచి వేళ్లతో బాగా పెద్దది చేసి చూడండి. ఎంత పెంచినా అంచు పదునుగానే ఉందంటే అందులో ఉన్నది వెక్టర్ లోగో. కోరల్‌డ్రాలోనో, డబ్బులు పెట్టక్కర్లేని ఇంక్‌స్కేప్‌లోనో ఆ పీడీఎఫ్‌ను తెరిస్తే లోగో విడిగా చేతికొస్తుంది.

పంపించేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాలి. 2023 ఆగస్టు నుంచి వాట్సాప్‌లో హెచ్‌డీ ఆప్షన్ ఉన్నా, డాక్యుమెంట్‌గా వెళ్తేనే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఇక్కడో చిన్న మోసం కూడా ఉంది. ఫైలు పేరు చివర సీడీఆర్ అని కనపడగానే సంబరపడొద్దు. పాత జేపీజీనే అందులో అతికించి సేవ్ చేసి పంపేవాళ్లున్నారు. దాని మీద క్లిక్ చేస్తే ఒక్క చదరపు బొమ్మగా దొరికితే మళ్లీ మొదటికొచ్చినట్టే. ఇంకోటి, అను ఫాంట్లతో చేసిన ఫైలు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు పేరు పోయి ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. పంపేవాళ్లు కంట్రోల్ క్యూ కొట్టి అక్షరాలను కర్వ్స్‌గా మార్చి పంపితే ఆ తంటా ఉండదు.

ముగ్గు తెలిస్తే చాలు

అసలు ఫైలు దొరకలేదు. అప్పుడేంటి? మళ్లీ గీయడమే.

వెక్టర్ అంటే ఏంటో అర్థం కావాలంటే ముగ్గు గుర్తు తెచ్చుకోండి. ముగ్గు ఫొటోను పెద్దది చేస్తే పిండి చెదిరినట్టు కనిపిస్తుంది. అదే ఎన్ని చుక్కలో, ఏ చుక్క నుంచి ఏ చుక్కకు మెలిక తిప్పాలో తెలిసిన అమ్మాయి దాన్ని నోట్‌బుక్ పేజీలోనూ వేస్తుంది, వాకిలి నిండా కూడా వేస్తుంది. వెక్టర్ ఫైలులో ఉండేది ఆ చుక్కలు, మెలికల లెక్కే. ఈ మెలికల గణితం పుట్టింది కార్ల కంపెనీల్లో. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియరీ బెజియే కారు బాడీ వంపుల కోసం పట్టుకున్న లెక్క ఇది. బెజియే పేరే ఇవాళ కోరల్‌డ్రా పెన్ టూల్ పక్కన కనిపిస్తుంది.

మన ఊళ్లలో ఈ విద్య కొత్తదేం కాదు. ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద, బట్ట మీద రాసిన ఆర్టిస్టులు చిన్న కాగితం మీద గళ్లు గీసి, గోడ మీద పెద్ద గళ్లు కొట్టి, గడికి గడి చూసుకుంటూ బొమ్మ పెంచేవాళ్లు. వంపు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ తిరుగుతుందో వాళ్ల చేతికి తెలుసు. ఇప్పుడు మౌస్ పట్టిన పిల్లోడికి కావాల్సింది కూడా ఆ చూపే.

పని ఇలా సాగుతుంది. మసక లోగోను అడుగు లేయర్‌లో పెట్టి, కాస్త పలచగా చేసి, కదలకుండా లాక్ చేయాలి. పైన కొత్త లేయర్‌లో గీత మొదలు. గుండ్రంగా ఉన్నదానికి సర్కిల్ టూలే వాడాలి, నిటారు గీతకు నిటారు గీతే. రెండు వైపులా ఒకేలా ఉన్న లోగోలో సగం గీసి తిప్పి అతికిస్తే చాలు. అక్షరాలు ఏ ఫాంటో పోల్చుకోగలిగితే సగం పని అయిపోయినట్టే. తెలుగులో రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

"ఆటో ట్రేస్ ఉంది కదా?" అంటారా? ఉంది. కోరల్‌లో పవర్‌ట్రేస్, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్. లోగో పెద్దగా, స్పష్టంగా, రెండు మూడు రంగుల్లో ఉంటే అవి బాగానే చేస్తాయి. మసక బొమ్మ ఇస్తే మాత్రం ఆ మసకను కూడా బుద్ధిగా గీసిపెడతాయి. ఒక వృత్తానికి నాలుగు నోడ్స్ చాలు. ట్రేస్ చేసిన వృత్తానికి వందల నోడ్స్ వచ్చి, అంచు ఎలక కొరికిన అట్టలా తయారవుతుంది.

ఏఐ చేసే పోకిరి పని

ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఫొటోని హెచ్‌డీ చేసే ఏఐ యాప్ ఒకటి ఉంటోంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా: లోగోలకు, అందులోనూ తెలుగు అక్షరాలున్న లోగోలకు దాన్ని నమ్మొద్దు. అది పోయిన వివరాన్ని వెతికి తేదు, ఊహించి పెడుతుంది. ఆకాశం, జుట్టు లాంటివాటిలో ఆ ఊహ తెలియదు. అక్షరంలో తెలుస్తుంది. మసకగా ఉన్న 'ళ్ల'ని, 'క్ష్మి'ని ఇస్తే నునుపుగా, మెరుస్తూ, ఏ భాషలోనూ లేని అక్షరం చేసి ఇవ్వగలదు. చదవకుండా చూస్తే భలే ఉంటుంది. ఎత్తి కట్టాక ఊరంతా చదువుతుంది!

బొమ్మలకూ అంతే. పుంగనూరులో పాల వ్యాపారమంటే లోగోలో ఆ ఊరి ఆవే ఉండాలి కదా. పొట్టి కాళ్లు, వెడల్పాటి నుదురు, చిన్న కొమ్ములు ఆ జాతి గుర్తులు. 200 పిక్సెల్స్‌లో అవన్నీ పది చుక్కలకు కుదించుకుపోతాయి. యంత్రం వాటిని పూరించేటప్పుడు దానికి బాగా అలవాటైన ఏ జెర్సీ ఆవునో చేసే ప్రమాదం ఉంది. పుంగనూరు వాళ్ల ముందు ఆ ఆవును నిలబెట్టి చూడండి మరి.

కుప్పంలో కథ ఇంకో మెట్టు పైన. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. గ్రానైట్ వ్యాపారమైనా జాతర అయినా ఫ్లెక్సీ మీద రెండు మూడు లిపులు పడొచ్చు. తమిళం విడిగా తెలిసిపోతుంది. చిక్కంతా తెలుగు, కన్నడాలతోనే. చాలా అక్షరాలకు ఒళ్లు ఒకటే, తలకట్టు దగ్గర తేడా. మనది టిక్కు కొట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడంలో అడ్డంగా సాగి చివర వంగుతుంది. మసక లోగోలో మొదట చెరిగిపోయేది ఆ తలకట్టే. బెంగళూరు నుంచి వచ్చిన లోగోను తెలుగనుకుని గీస్తే అక్షరం మారిపోతుంది. ఆ లిపి చదవగలిగినవాళ్లకు ఒకసారి చూపించాకే ప్రింట్‌కి పంపాలి.

గూగుల్‌లో వెతికి తీసుకునే లోగోల్లోనూ ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్ అధికారిక చిహ్నం 2018లో మారింది. సెర్చ్‌లో మాత్రం పాతదీ కొత్తదీ కలిసే వస్తాయి, స్కూలు ఫ్లెక్సీ మీద ఏది పడుతుందో ఎవరి అదృష్టం వారిది. ఇక నాలుగు సింహాల గుర్తు. దాన్ని ఎవరు పడితే వాళ్లు వాడకుండా 2005లోనే చట్టం వచ్చింది. జైలు శిక్ష వరకూ ఉంది. కస్టమర్ అడిగినా ఇది మాత్రం కుదరదని చెప్పాల్సిందే.

రంగు, గుడ్డ, బిల్లు

రంగు గురించి రెండు ముక్కలు. ఫోన్ తెర వెలుగుతుంది, సిరా వెలగదు. తెర మీద మిరుమిట్లు గొలిపే ఆకుపచ్చ, నీలం ఫ్లెక్సీ మీద కాస్త చప్పబడతాయి. లోగో అంతకుముందు అచ్చయిన కార్డో సంచో ఉంటే పక్కన పెట్టుకుని రంగు కలపడం మేలు. పార్టీ ఫ్లెక్సీల విషయంలో ఇంకా జాగ్రత్త. పసుపు కొంచెం నారింజకు తిరిగినా ఫోన్ మోగుతుంది!

2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించినప్పటి నుంచి గుడ్డ బ్యానర్ల మాట కూడా వినిపిస్తోంది. గుడ్డ మీద సిరా కొద్దిగా పాకుతుంది. సన్న గీతలు లావెక్కుతాయి, అక్షరాల మధ్య సందులు పూడిపోతాయి. కొత్తగా గీసిన లోగో అయితే గీత మందం సర్దుకోవచ్చు. జేపీజీలో ఆ అవకాశమే లేదు.

ప్రింట్ కొట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. లోగోలో అక్షరాలున్న ముక్కను అసలు సైజులోనే ఏ4 కాగితం మీద తీసి, షాపు గోడకు అంటించి, రోడ్డు అవతల నుంచి చూడండి. తర్వాత దగ్గరికొచ్చి చూడండి. రెండు చోట్లా బాగుంటేనే మిషన్‌కి.

అసలు ముడి డబ్బుల దగ్గరుంది. ఫ్లెక్సీ రేటు చదరపు అడుగుకు. లోగో గీయడానికి పట్టిన గంట ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. సుగుటూరు గంగమ్మ జాతర అప్పుడు పుంగనూరులో, తిరుపతి గంగమ్మ జాతర అప్పుడు కుప్పంలో అలాంటి గంటలు ఎన్నో కలిసి నిద్రలేని రాత్రులవుతాయి. జీతం మాత్రం అంతే. కాబట్టి షాపు ఓనర్లు బిల్లులో 'లోగో గీసినందుకు' అని విడిగా ఒక వరస రాయాలి. కస్టమర్ బేరమాడతాడు, ఆడనీ. ఆ డబ్బుకు ఆయనకు దక్కేది ఒక్క ఫ్లెక్సీ కాదు, ఇకముందు కార్డుకూ బోర్డుకూ పనికొచ్చే ఫైలు.

ఆ ఫైలు కూడా ఆయన చేతికే ఇవ్వాలి. పీడీఎఫ్ ఒకటి, ఎస్‌వీజీ ఒకటి, వెనక తెలుపు లేని పీఎన్‌జీ ఒకటి. 'ఫైనల్ ఫైనల్ 2' అని కాకుండా షాపు పేరు, సంవత్సరం రాసి, డాక్యుమెంట్‌గా పంపి, "దీన్ని స్టార్ చేసి పెట్టుకో అన్నా" అని చెప్పండి. లేదంటే వచ్చే ఏడు మీ ఫోన్‌కి వచ్చేది ఈ ఏటి ఫ్లెక్సీని ఎవరో కింద నిలబడి, వాలుగా తీసిన ఫొటోనే.