మాటలు రాని పసివారిలో తీవ్ర ఆహార అలర్జీ: లక్షణాల గుర్తింపు

వ్యాససంగ్రహం:
పడని ఆహారం వల్ల శరీరమంతటా వేగంగా వ్యాపించే తీవ్ర ప్రతిచర్యను వైద్యపరిభాషలో ‘అనాఫిలాక్సిస్’ అంటారు. మాటలు వచ్చినవారు గొంతు బిగుసుకుపోతోందనో, కళ్లు తిరుగుతున్నాయనో చెప్పగలరు. శిశువులు చెప్పలేరు. వారి విషయంలో పెద్దల పరిశీలనే తొలి ఆధారం. ఆ పరిశీలనలో ఏమి చూడాలో, ఎక్కడ పొరబడతామో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆహార అలర్జీ, అనాఫిలాక్సిస్, శిశువులు, దద్దుర్లు, అడ్రినలిన్.

1. ఉపోద్ఘాతం:
ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవి విషంతో కుక్కలపై ప్రయోగాలు చేశారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తరువాత స్వల్ప మోతాదుకే మరణించింది. ఈ స్థితికి 1902లో వారు ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది.

ఆహార అలర్జీలో శరీరం హానిలేని మాంసకృత్తును శత్రువుగా భావించి ‘ఐజీఈ’ ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. ఆ ఆహారం మళ్లీ అందినప్పుడు మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. శ్వాసనాళాలు ముడుచుకుంటాయి, రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది.

2. కారకాలు:
ఆవుపాలు, కోడిగుడ్డు, వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు, గోధుమ, చేపలు, రొయ్యలు ముఖ్యమైనవి. తెలుగువారి వంటల్లో పల్లీలు పచ్చడిలోను, నువ్వులు కూరపొడిలోను, జీడిపప్పు కూర గుజ్జులోను కలిసిపోయి కంటికి కనిపించవు. లక్షణాలు సాధారణంగా కొన్ని నిమిషాల నుండి రెండు గంటలలోపు మొదలవుతాయి.

3. లక్షణాలు - పొరపాట్లు:
శిశువులలో దద్దుర్లు, వాంతులు తరచుగా కనిపిస్తాయి. పెదవులు, కనురెప్పలు ఉబ్బడం, ఎడతెగని దగ్గు, పిల్లికూతలు, డొక్కలు ఎగరేయడం, ఏడుపు బొంగురుపోవడం, పాలిపోవడం, ఒళ్లు మెత్తబడి వాలిపోవడం మిగిలినవి.

చిక్కు ఏమిటంటే, చొంగ కార్చడం, పాలు కక్కడం, ఏడవడం, నిద్రపోవడం ఆరోగ్యవంతులైన శిశువులకూ సహజమే. అందుకే వాంతిని ‘అరగలేదు’ అనీ, ఏడుపును ‘దిష్టి’ అనీ, స్పృహ తగ్గడాన్ని ‘ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది’ అనీ ఇంట్లో అనుకునే ప్రమాదం ఉంది. ఈ సందర్భంలో మూడు ప్రశ్నలు తోడ్పడతాయి: మార్పు హఠాత్తుగా వచ్చిందా? ఆహారం తిన్న కొద్దిసేపటికే వచ్చిందా? ఒకటికంటే ఎక్కువ అవయవాలలో కనిపిస్తోందా?

4. నిర్ధారణ సూత్రాలు:
ప్రపంచ అలర్జీ సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు రెండు సందర్భాలను పేర్కొన్నాయి. మొదటిది: చర్మలక్షణాలు హఠాత్తుగా కనిపించి, వాటితోపాటు శ్వాస, రక్తప్రసరణ, లేదా తీవ్రమైన జీర్ణకోశ లక్షణాలలో ఒకటైనా ఉండడం. రెండవది: తెలిసిన లేదా బలంగా అనుమానించదగిన కారకం సోకిన తరువాత రక్తపోటు పడిపోవడం, శ్వాసనాళాలు ముడుచుకోవడం, లేదా స్వరపేటిక దెబ్బతినడం. ఈ రెండవ సందర్భంలో దద్దుర్లు ఉండనవసరం లేదు. దద్దుర్లు లేవు కనుక అలర్జీ కాదనుకోవడం ప్రాణాంతకం కావచ్చు.

5. తక్షణ చర్య:
తొలి ఔషధం అడ్రినలిన్. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాముల చొప్పున తొడ వెలుపలి కండరంలో ఇస్తారు. అవసరమైతే 5 నుండి 15 నిమిషాలకు మళ్లీ ఇస్తారు. దురద తగ్గించే యాంటీహిస్టమిన్ సిరప్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది శ్వాసను, రక్తపోటును కాపాడలేదు. కనుక సిరప్ వేసి వేచిచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. బిడ్డను భుజాన వేసుకుని జోకొట్టడం మన అలవాటు; రక్తపోటు పడిపోయిన బిడ్డను అలా నిలువుగా ఎత్తడం హానికరం. వెల్లకిలా, వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తేరుకున్నట్లు కనిపించినా లక్షణాలు తిరగబెట్టవచ్చు; ఆసుపత్రి పర్యవేక్షణ తప్పనిసరి.

6. ముగింపు:
ఈ అవగాహన ఆహారం పట్ల భయంగా మారకూడదు. 640 మంది శిశువులతో బ్రిటన్‌లో జరిగిన ‘లీప్’ అధ్యయనం 2015లో వెలువడింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న శిశువులకు వేరుశనగను దూరం పెట్టడంకంటే, తొలి ఏడాది నుండే క్రమంగా తినిపించడమే ఆ అలర్జీని బాగా తగ్గించిందని అది తేల్చింది. అయితే ఇటువంటి శిశువులకు వైద్యుల సలహాతోనే ప్రారంభించాలి. ఒకసారి ప్రతిచర్య చూపిన ఆహారాన్ని ఇంట్లో మళ్లీ పరీక్షించకూడదు. అన్నప్రాశననాడు బిడ్డకు కొత్త రుచి చూపే పెద్దలు, ఆ తరువాతి రెండు గంటలు ఆ బిడ్డను గమనించడం కూడా తమ బాధ్యతేనని గుర్తించాలి.