టర్కీకి థర్మామీటర్, కనుమ కోడికి ఓపిక

కనుమ నాడు మినుము తినాలంటారు. కొండవీటి కింది ఊళ్లలో మాంసం తినే ఇళ్లవాళ్లు ఆ మినపగారెల్ని నాటుకోడి పులుసులో ముంచుకుని తింటారు. అమెరికా వెళ్లిన మన పిల్లలు నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్‌కు టర్కీని ఓవెన్‌లో పెడతారు. రెండు చోట్లా వినిపించే గొణుగుడు ఒకటే: ముక్క పీచులా ఉంది. కానీ రెండింటి జబ్బూ ఒకటి కాదు. ఒకదానికి చెయ్యాల్సిన వైద్యం ఇంకోదానికి చేస్తేనే పండగ పాడవుతుంది.

నాటుకోడి సంగతి ముందు చూద్దాం. ఫారం కోడి ఆరు వారాలకే కోతకొస్తుంది. పెరట్లో తిరిగే పుంజుకు నెలలు పడుతుంది. పరుగులు తీసి, గోడలెక్కి, దాని కాళ్ల కండలు బిగుస్తాయి. ఆ కండల్ని పట్టి ఉంచే కొల్లాజెన్ వయసుతోపాటు ముదురుతుంది. దాన్ని లొంగదీయడానికి పెద్ద మంట పనికిరాదు. సన్న సెగ మీద, నీళ్లలో, గంటకు పైగా ఉడికితే అది నెమ్మదిగా జెలటిన్‌గా మారుతుంది. రాత్రి మిగిలిన పులుసు తెల్లారేసరికి పేరుకునేది దానివల్లే. కుక్కర్ తొందరగా పని కానిస్తుంది, కాదనను. అయితే కోడి వయసు తెలియకుండా విజిళ్లు లెక్కపెడితే లేత పెట్ట చిదికిపోతుంది, ముదురు పుంజు మొరాయిస్తుంది.

టర్కీ రొమ్ముది దీనికి పూర్తిగా ఎదురు. అందులో కొల్లాజెన్ తక్కువ, కొవ్వూ తక్కువ. వేడి పెరిగేకొద్దీ కండ ముడుచుకుని తనలోని నీటిని బయటికి పిండేస్తుంది. కోడిజాతి మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. అది దాటి ఎంతసేపు ఉంచితే రొమ్ము అంత ఎండుతుంది. కాళ్లకేమో 80 దాటితేగాని మెత్తదనం రాదు. మొత్తం పక్షిని ఒకే వేడిలో పెట్టి రెండూ కుదరాలనడంలోనే చిక్కుంది. నన్నడిగితే కాళ్లు వేరుచేసి ముందు పెట్టడమే తెలివైన పని. బల్ల మీద నిండు పక్షి కనిపించాలన్న ముచ్చట ఉన్నవాళ్లు రొమ్ము మీద రేకు కప్పుకోవచ్చు. ముందురోజే ఉప్పు రాసి ఫ్రిజ్‌లో ఉంచితే కండ నీటిని పట్టుకుంటుంది. దించాక అరగంట ఆగి కోస్తే రసం పళ్లెం పాలు కాదు. గడ్డకట్టిన టర్కీ కొంటే ఫ్రిజ్‌లో కరగడానికి రెండు కిలోలకు ఒక రోజు చొప్పున లెక్క వేసుకోవాలి.

ఇక గ్రేవీ. మెడ, కందనకాయ ఉడికించిన నీళ్లు ఒక కప్పు. ట్రేలో కారిన కొవ్వు రెండు చెంచాలు, అందులో వేయించిన మైదా రెండు చెంచాలు. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే ఉండ కట్టదు. చిక్కదనం కోసం అక్కడ మైదా చేసే పనిని ఇక్కడ గసగసాలు, ఎండుకొబ్బరి, మగ్గిన ఉల్లిపాయ చేస్తాయి. మన ముద్దకు రుచి కూడా ఉంటుంది కాబట్టి నా ఓటు దీనికే. ట్రేలో అడుగంటిన గోధుమరంగు పొరను మాత్రం పారేయకండి, వేడినీళ్లు పోసి గీకి గ్రేవీలో కలపండి.

ఇంతకీ అక్కడి టర్కీ, మన పులుసుకు కారమిచ్చే మిరపకాయ రెండూ అమెరికా ఖండాలవే. రెడ్డిరాజుల కొలువులో శ్రీనాథుడున్నప్పుడు కొండవీట్లో కోడికూర వండి ఉంటే అందులో కారం మిరియాలదే. 1515లో కృష్ణదేవరాయలు కోట గెలిచేనాటికీ మిరప ఈ చేలకు రాలేదు. టర్కీ అయితే 1612లో గోవా నుంచి మొఘల్ చక్రవర్తి జహంగీరు దర్బారుకు చేరి, చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ గీయించుకుంది. మిరప మన పొలాలనే ఏలింది, టర్కీకి మాత్రం మన పండగలో చోటు దొరకలేదు.

ఈసారి కనుమకు విజిళ్లు లెక్కపెట్టడం మాని, కాలి ముక్కను గిల్లి చూడండి; ఎముక నుంచి ఊడివస్తే దించండి. అమెరికాలో ఉన్న పిల్లలకు మాత్రం ఓ థర్మామీటర్ కొనుక్కోమని చెప్పండి.