పసుపు నేర్పిన పాఠము

పొలమున కొడవలి జారి వ్రేలు తెగినవానికి ఇంటి ముదుసలి చేయు మొదటి చికిత్స యేదో తెలుగు పాఠకులకు మేము చెప్పవలసిన పనిలేదు. వంటయింటి పసుపు చిటికెడు తెచ్చి గాయమున కద్దును. ఈ సంగతి నీకెవరు చెప్పిరని యడిగినచో, మా యత్తగారనును. ఆ యత్తగారికి ఆమె యత్తగారు. ఇట్టి దానిని క్రొత్తగా కనుగొంటిమని యొకరు హక్కు వ్రాయించుకొందురని మనలో నెవరును తలంపలేదు. అయినను 1995 వ సంవత్సరము మార్చి నెలలో అమెరికా పేటెంటు కార్యాలయమువారు, పసుపుతో గాయములు మాన్పు విధానముపై ఆ దేశమందలి యొక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు నొసంగిరి.

మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలివారు 1996 లో దీని నెదిరించి పునఃపరిశీలనము కోరిరి. సంస్కృతము, ఉర్దూ, హిందీ మున్నగు భాషల రచనలనుండి 32 ఆధారములను చూపిరి. 1997 లో ఆ పేటెంటు రద్దయ్యెను. దేశము సంతసించినది, సంతసింపదగినదే. కాని యా సంతోషమున మఱుగుపడిన ప్రశ్న యొకటి కలదు. అమెరికా పరీక్షకుడు మొదట ఆ పేటెంటు నేల యిచ్చెను? అతడు మనకు పగవాడు కాడు. తనకు అలవాటైన చోటులందు, తనకు తెలిసిన భాషలందు వెదకెను; అచ్చట పసుపు చికిత్స కానరాలేదు. మన విద్య మనయొద్ద నున్నది. అది కావలసినవానికి, కావలసిన వేళకు, కావలసిన రూపమున దొరకలేదు. లోపము విద్యలో లేదు, విద్యను అమర్చిన తీరులో నున్నది.

ఈ లోపమునకు మూల్య మెంతటిదో వేపచెట్టు చూపినది. వేపనూనెతో బూజుతెగుళ్లను అరికట్టు పద్ధతిపై 1994 లో ఐరోపా పేటెంటు కార్యాలయమువారు పేటెంటు నిచ్చిరి. మఱుసటియేడు దానిపై ఆక్షేపణము దాఖలయ్యెను. 2000 లో పేటెంటు రద్దయ్యెను. దానిపై వచ్చిన అప్పీలు 2005 లో గాని తీరలేదు. ఒక్క వేపకు పదియేండ్లు పట్టినచో ఉసిరికకు, తులసికి, కరక్కాయకు ఎన్ని తరములు పట్టును? ఆకునకొక వ్యాజ్యము వేసి విద్యను కాపాడుకొనుట యే దేశమునకును సాధ్యము కాదు. చేను మేయు పశువును ప్రతిదినమును తోలుటకంటె కంచె వేయుట మేలని రైతులకు మేము చెప్పనక్కఱలేదు. ఆ కంచె యెట్లు వేయవలెనన్నదే ప్రశ్న.

ఇట్టి ప్రశ్నలను విచారించుటకు గత యర్ధశతాబ్దములో ఒక శాస్త్రశాఖ బయలుదేరినది. దానిని రూపకల్పనా శాస్త్ర మనవచ్చును. అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ 1969 లో ప్రకటించిన గ్రంథమున దీనికి పునాది వేసెను. ప్రకృతిశాస్త్రములు ఉన్నదానిని ఉన్నట్లు తెలుపును. మనుష్యుడు తన ప్రయోజనమునకై కల్పించు వస్తువులను గూర్చిన శాస్త్రము, కావలసినదానిని ఎట్లు సాధింపవలెనో విచారించునని అతని యాశయము. కంప్యూటరులు, వానిని నడుపు మనుష్యులు, వారి పనిపద్ధతులు ఈ మూడును కలిసిన దానిని నేడు సమాచార వ్యవస్థ యందురు. ఆ రంగమున పరిశోధకులు పెక్కేండ్లు ఇతరులు కట్టిన వ్యవస్థలను పరిశీలించి, అవి యేల ఫలించెనో, యేల విఫలమయ్యెనో చెప్పుటయందే యెక్కువ శ్రద్ధ వహించిరి. 2004 లో హెవ్నర్, మార్చ్, పార్క్, సుధా రామ్ అను నలువురు ఒక వ్యాసమును ప్రకటించి, క్రొత్త వ్యవస్థను కట్టుటయు పరిశోధనమే కావచ్చుననియు, అయితే అది కొన్ని నియమములకు లోబడవలెననియు వాదించిరి.

వారి నియమములు ఏడు. వాని సారమును నాలుగు మాటలలో చెప్పుదుము. కట్టినది నిజముగా నొక వస్తువై యుండవలెను. అది నిజమైన చిక్కును తీర్చవలెను. తీర్చినదని పరీక్షచే తేలవలెను. దానివలన ఇతరులకు పనికివచ్చు క్రొత్త విషయమేదేని తెలియవలెను. ఇందు మన రైతు వినని మాట యొక్కటియు లేదు. నాగలి గుణము వడ్రంగి కొట్టమున తెలియదు, దుక్కిలో తెలియును. ఒక నాగలి బాగుగా దున్నినచో, అది యేల బాగుగా దున్నెనో చెప్పగల వడ్రంగియే తరువాతి నాగలిని ఇంకను బాగుగా చేయగలడు. మొదటిది పనితనము, రెండవది శాస్త్రము.

మన దేశమున 2001 లో ఆరంభమైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమును ఈ గీటురాతిపై నొఱసి చూతము. దీనిని శాస్త్రీయ పరిశోధనా మండలియు, నేడు ఆయుష్ మంత్రిత్వశాఖగా నున్న నాటి దేశీయ వైద్యశాఖయు కలిసి కట్టినవి. ఆయుర్వేద, యునానీ, సిద్ధ వైద్యగ్రంథములలోని యోగములను, యోగాసనములను ఇందు చేర్చిరి. 2022 నాటికి ఇందలి యోగములు 4 లక్షలను మించెను.

ఇది కేవలము తర్జుమా పని యని తలంచువారు పొరబడుదురు. మన వైద్యగ్రంథములలో పసుపునకు హరిద్ర యని పేరు; నిశ యనియు, రజని యనియు గూడ పేర్లు. నిఘంటువును మాత్రమే నమ్ముకొన్న అనువాదకుడు నిశాచూర్ణమును రాత్రిపొడి యని వ్రాయును. ఆ మాటను చదివిన మ్యూనిక్ నగరపు పరీక్షకునకు ఏమి తెలియును? కావున వైద్యులును, కంప్యూటరు నిపుణులును, పేటెంటు పరీక్షకులును ఒకచోట కూర్చుండిరి. ప్రతి యోగమును విడదీసి, ఓషధి యేది, అందే భాగము, ఏ రోగమునకు, ఎట్లు చేయవలెను అని తెలిసికొని, ఒక్కొక్క యంశమునకు ఒక సంకేతము నిచ్చిరి. ఇందుకై సుమారు 25,000 ఉపవిభాగములుగల వర్గీకరణమును కల్పించిరి. ఒకమారు సంకేతములలోనికి మారిన యోగమును యంత్రము ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలో చూపగలదు. హరిద్రయైనను నిశయైనను చదువరికి తన దేశపు శాస్త్రనామముతోనే కనబడును.

ఇక పరీక్ష. 2009 ఫిబ్రవరిలో ఐరోపా పేటెంటు కార్యాలయమువారికి ఈ గ్రంథాలయమును చూచు అనుమతి నిచ్చిరి. ఆ యేటనే వారు ఇయ్యదలచిన కొన్ని పేటెంట్లు ఇందలి యాధారములవలన ఆగిపోయెను. వేప విషయమున పదియేండ్లు పట్టిన పని వారములలో జరుగుట మొదలిడెను. అంతటితో ఆగలేదు. అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణమున అంతవఱకు ఓషధు లన్నింటికిని కలిపి నామమాత్రపు స్థానమే యుండెను. మనవారి వర్గీకరణమును చూచిన పిమ్మట అందు సుమారు 200 ఉపవిభాగములు ఏర్పడినవి. అనగా మన విద్యను ప్రపంచపు బీరువాలో పెట్టుటయే గాక, ఆ బీరువా అరలనే మార్పించితిమన్నమాట. నలువురు పండితులు కోరిన నాలుగు గుణములును ఇందున్నవని మేము నిస్సంకోచముగ చెప్పగలము.

అయినను ఇచ్చటనే మన బాధ్యత తీరినదని భావించుట ప్రమాదము. ఈ గ్రంథాలయము పేరునకు తగినట్లు గ్రంథములలోని విద్యను మాత్రమే కాపాడుచున్నది. మొదట మేము చెప్పిన ముదుసలి యే గ్రంథమును వ్రాయలేదు. మాటలలో పెట్టజాలని యెఱుక ప్రతి పనివానియందును ఉండునని 1966 లో మైకేల్ పొలానీ వివరించెను. వరిచేను రంగు చూచి నీరు పెట్టవలెనో, తీయవలెనో చెప్పు పాలేరును, ఎట్లు చెప్పగలిగితివని యడిగి చూడుడు. అతడు నవ్వి యూరకుండును. ఇట్టి యెఱుకను మాటలలోనికి తెచ్చి, మాటలనుండి మఱల చేతులలోనికి పంపుటయే సంస్థలకు ప్రాణమని జపాను పండితులు నొనాకా, టకెయూచి 1995 లో వ్రాసిరి. దీనినే విజ్ఞాన నిర్వహణము అందురు.

ఇందుకు అమెరికాలో జరిగిన యొక నిదర్శనము గలదు. జిరాక్సు కంపెనీవారి యంత్రములను బాగుచేయు పనివారి వెంట జూలియన్ ఓర్ అను పరిశోధకుడు తిరిగెను. కంపెనీ యిచ్చిన పుస్తకము తీర్పలేని చిక్కులను ఆ పనివారు భోజనవేళలందు ఒకరికొకరు చెప్పుకొను కథలవలన తీర్చుకొనుచున్నారని అతడు కనుగొనెను. పిమ్మట అదే కంపెనీలో యురేకా యను వ్యవస్థను కట్టిరి. పనివాడు తాను కనుగొన్న కిటుకును అందు వ్రాయును. ఆ పని తెలిసిన తోడివారు పరీక్షింతురు. సరియైనదని తేలినచో వ్రాసినవాని పేరుతోనే అందఱికిని అందును. వారు కోరిన బహుమానము డబ్బు కాదు, పేరు. మన దేశములోను అహమ్మదాబాదునందలి ఆచార్య అనిల్ గుప్తా ఆరంభించిన తేనెటీగల బృందము ఇట్టి నీతినే పాటించుచున్నది. పల్లెవాసుల యుపాయములను వారి పేరుతో ప్రకటించుటయు, తిరిగి వారి భాషలోనే వారికి అందించుటయు ఆ బృందపు నియమములు. తెలుగునాట పల్లె సృజన యను సంస్థ ఆ మార్గముననే నడచుచున్నది.

మన పల్లెలలో ఈ పనికి చట్టము ద్వారము తెఱచియే యున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య నిర్వహణ సంఘమును ఏర్పఱుపవలెను. ఊరిలోని మొక్కలను, పశుజాతులను, విత్తనములను, వానిని గూర్చిన ప్రజల యెఱుకను స్థానికులతో సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరున వ్రాయుట దాని ముఖ్యవిధి. దేశమంతట ఈ పని 2020 జనవరి 31 లోపల ముగియవలెనని జాతీయ హరిత న్యాయస్థానము గడువు పెట్టినది. గడువు మంచిదే. కాని గడువుకొఱకు నింపిన కాగితమునకును, ముదుసలి చెంత కూర్చుండి వ్రాసిన కాగితమునకును గల భేదము ఏ తనిఖీదారునకును అంకెలలో కనబడదు. ప్రక్క యూరి పట్టికను చూచి వ్రాసికొన్న రిజిస్టరు నిండియుండును. అందు విద్య యుండదు.

ఇచ్చట మఱియొక చిక్కు గలదు. దానిని దాచుట న్యాయము కాదు. గ్రంథమునకెక్కిన విద్య యెప్పుడో బయలుపడినదే. ముదుసలి నోటనున్న విద్య యట్లు కాదు. దానిని వ్రాసి వీధిలో పెట్టినచో, దొంగకు తాళముచెవి యిచ్చినట్లగును. వ్రాయకున్నచో ఆమెతోడనే కాటికి పోవును. డిజిటల్ గ్రంథాలయమువారు మొదటి నుండియు ఈ జాగ్రత్తను తీసికొని, రహస్యమును కాపాడుదుమని ఒడంబడిక వ్రాసిన పేటెంటు కార్యాలయములకే ప్రవేశ మిచ్చిరి. 2022 నాటికి అవి 14. ఇతరులకు గూడ క్రమముగ తెఱచుటకు ఆ యేడు ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము సమ్మతించినది. 2024 మేలో జెనీవాయందు కుదిరిన అంతర్జాతీయ సంధిపత్రములోను, ఇట్టి సమాచార వ్యవస్థలను స్థానిక ప్రజలతో సంప్రదించి కట్టవచ్చునని చెప్పబడినది. తలుపు తెఱచు అధికారము ఎవరిదన్న ప్రశ్నను కంప్యూటరు తీర్పజాలదు. కట్టువాడు మొదటి యిటుక పెట్టుటకు ముందే విద్యగలవారి నడిగి తీర్పవలెను.

కావున మా పాఠకులకు మా విన్నప మిది. మీలో పెక్కురు పంచాయతీలలోను, పురపాలక సంఘములలోను మాట చెల్లుబడిగలవారు. మీ యూరి రిజిస్టరును ఒకమారు తెప్పించి చూడుడు. అందు మీ యూరివారి పేర్లున్నవా? వ్రాసినది సరియని తెలిసినవారు పరీక్షించిరా? చెప్పినవారి సమ్మతి గైకొనిరా? ఎవరికి చూపవచ్చునో, ఎవరికి చూపరాదో నిర్ణయించిరా? వ్రాసినది తెలుగులో తిరిగి వారికి చదివి వినిపించిరా? ఈ యైదు ప్రశ్నలకును అవునను ప్రత్యుత్తరము వచ్చినచో మీ యూరు ధన్యము. రానిచో పని మిగిలియున్నది. దానికి ఢిల్లీ నుండి ఎవరును రానక్కఱలేదు. బడిలో చదువు పిల్లవాడు ఒక పుస్తకము, కలము పట్టుకొని అవ్వ చెంత కూర్చుండిన చాలును.

పసుపు విషయమున మనము గెలుచుట, ఎప్పుడో యెవరో దానిని వ్రాసిపెట్టినందువలన. ఆ వ్రాసినవారు మనకు చేసిన యుపకారమును మనము రాబోవువారికి చేయమా? నేడు మన యిండ్లలో వ్రాయబడక యున్న విద్యలకు 32 ఆధారములు కాదు, ఒక్క యాధారమైనను మిగులునా? అవ్వ యుండగానే అడుగవలెను.